పాల్ సారు పాచిక

ఉదయగిరి నుంచి వరికుంటపాడు పోయే రోడ్డు దిగి, మట్టిబాటన అర కిలోమీటరు పోతే, రెండు బత్తాయి తోటల మధ్య గట్టు మీద ఒక మోటారు కొట్టం ఉంది. రేకుల కప్పు, ఒక తలుపు. లోపల గోడకి స్టార్టరు డబ్బా, దాని ముందు ఒక చెక్కబల్ల. చూస్తే భయపడాల్సినంత సంగతేమీ లేదు. కానీ పొద్దుగూకితే ఆ బాటన మీసాలు తిప్పే మగాళ్ళు కూడా బండి హారను కొట్టుకుంటూ పోతారు. ఆడవాళ్ళయితే అసలు ఆ బాటే ఎక్కరు.

ఆ కొట్టంలోనే పాల్ సారు పోయాడు. ఆరేళ్ళ కింద, వానలో తడిసిన చేత్తో స్టార్టరు ముట్టుకున్నాడు. తెల్లారి చూస్తే బల్ల పక్కన పడి ఉన్నాడు.

నేను దెయ్యాలని నమ్మే మనిషిని కాదు. మాది ఆత్మకూరు. ఇక్కడ గ్రామ సచివాలయంలో ఉద్యాన సహాయకురాలిగా పనిచేస్తున్నాను. ఊళ్ళో అందరూ ‘హార్టికల్చర్ మేడమ్’ అంటారు. నా పేరు భవ్యశ్రీ అని సగం మందికి తెలీదు. ఎవరైనా ఆ కొట్టంలో దెయ్యం ఉందని మొదలుపెడితే, “దాన్ని కూడా ఈ-క్రాప్ పంటల లెక్కలో ఎక్కించమంటారా?” అని నోరు మూయించేదాన్ని.

ఇప్పుడు అలా అనను. దెయ్యం ఉందని ఒప్పుకున్నందుకు కాదు… అక్కడ ఉన్నది దెయ్యమే అయ్యుంటే ఎంత బాగుండేదో అని.

పాల్ సారు ఊరి బడిలో లెక్కల మాస్టారు. ఆయన తోట గట్టుకి ఇటు, పెంచలయ్య అనే రైతు తోట గట్టుకి అటు. ఇరవై రెండేళ్ళ కింద ఇద్దరూ కలిసి గట్టు మీద ఉమ్మడి బోరు వేయించారు. వానలున్నన్నాళ్ళూ పేచీ లేదు, సగం నీళ్ళు వీళ్ళకి, సగం వాళ్ళకి. ఎండాకాలమే తంటా. బోరులో నీళ్ళు దిగిపోతే ఒక రోజు ఒక తోటకే చాలుతాయి. రోజు విడిచి రోజు అనుకుంటే, నా వంతు రోజే కరెంటు పోయిందని ఒకరు, నీకు ఎక్కువసేపు ఆడిందని ఇంకొకరు. ఒకసారి పారలు లేచేదాకా వచ్చిందట.

అప్పుడు పాల్ సారు ఒక ఆట కనిపెట్టాడు.

ఒకే పాచిక. ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కే వాళ్ళ దగ్గర తనే చేయించి తెచ్చాడు. ఒక్కొక్కరూ ఎన్నిసార్లైనా వేసుకోవచ్చు. పడ్డ చుక్కలన్నీ కూడుకుంటూ పోవాలి. ఎక్కడైనా ఆగి ‘చాలు’ అనొచ్చు. కానీ మధ్యలో ఒకటి పడిందా, అంతవరకు కూడిందంతా సున్న. ఎక్కువ కూడినవాడికి మర్నాటి నీళ్ళు. సగం అదృష్టం, సగం మన తెలివి. ఓడితే పక్కవాణ్ణి తిట్టుకునే పని లేదు.

బాప్టిస్టుల ఇంట్లో పాచికలేంటి సారూ అని పాస్టరుగారు కోప్పడ్డారట. “బైబిల్లో అపొస్తలులు కూడా చీట్లు వేసుకోలేదా అయ్యగారూ? ఇందులో రూపాయి లేదు, తగవు లేదు,” అని పాల్ సారు నవ్వేశాడట.

ఆయనే ఇంకో మాట కూడా చెప్పాడు. లెక్క ప్రకారం పద్దెనిమిది రాగానే ఆగిపోవడం మేలని, దాటితే ఒకటి పడటం ఖాయమని. లెక్కల మాస్టారి మాట కదా, ఊరంతా నమ్మింది. పెంచలయ్య ఏనాడూ పద్దెనిమిది దాటి వేయలేదు. పాల్ సారు మాత్రం అప్పుడప్పుడూ, “ఈ రోజు దేవుడి మీద భారం,” అని దాటి వేసేవాడు. ఆయనకి బాగానే కలిసొచ్చేది. పెంచలయ్య తోట రెండుసార్లు ఎండింది. ఆ దిగులుతోనే మంచం పట్టి పోయాడు. తర్వాత ఆయన కొడుకు మాలకొండయ్య మళ్ళీ చెట్లు నాటాడు.

పాల్ సారు పోయాక కొన్నేళ్ళు వానలు దండిగా పడ్డాయి. పాచిక కొట్టంలో ఒక రేకు డబ్బాలో పడి ఉంది. ఈ ఎండాకాలం మళ్ళీ దాంతో పని పడింది.

ఇప్పుడు ఆడేది కొడుకులు. ఇటు ఎడ్విన్, అటు మాలకొండయ్య. ఇద్దరూ ఒకే బెంచీ మీద చదువుకున్నారు. ఒకరి పెళ్ళికి ఒకరు వారం ముందే పోయి పందిళ్ళు వేసినవాళ్ళు. సాయంత్రం కొట్టంలో బల్లకి అటొకరు ఇటొకరు కూచుని, బీడీ పంచుకుంటూ ఆడేవాళ్ళు.

ఎడ్విన్ తండ్రి చెప్పినట్టే పద్దెనిమిది రాగానే “చాలు” అనేవాడు. మాలకొండయ్య ముప్పై దాటేవాడు, నలభై దాటేవాడు. ఐదు రోజుల్లో నాలుగు రోజులు నీళ్ళు మాలకొండయ్యవే.

“వాడి గుండె చూడండి మేడమ్! నాకు చెయ్యి వణుకుద్ది,” అని ఎడ్విన్ మురిసిపోయేవాడు. ఓడిపోతూ స్నేహితుడి ధైర్యాన్ని మెచ్చుకునేవాణ్ణి నేను ఇతన్నే చూశాను.

కానీ అక్కడ అతని తోట ఎండిపోతోంది. రెండొందల నలభై చెట్లు. ఎనిమిదేళ్ళ కింద ముసలి చెట్లు తీసేసి, తండ్రీ కొడుకూ కలిసి గుంతలు తవ్వి నాటినవి. ఆకులు ముడుచుకుపోయాయి, కాయలు గోలీలంత కాగానే రాలిపోతున్నాయి. ఎడ్విన్, అతని భార్య రూబీ బిందెలతో మోసి పోసేవాళ్ళు. రెండొందల నలభై చెట్లకి బిందెలేం సరిపోతాయి?

మే నెల సగానికి మోటారు గంటన్నర ఆడగానే నీళ్ళకి బదులు గాలి కొట్టడం మొదలుపెట్టింది. ఇద్దరూ నన్ను పిలిచి ఏం చేద్దామని అడిగారు.

నేనే అన్నాను ఆ మాట. “పంచుకుంటే రెండు తోటలూ పోతాయి. ఒక్కదానికే పెట్టండి. ఒక్కటైనా దక్కుద్ది.”

చదువుకున్న మాటే, తప్పు మాట కాదు. కానీ అని ఉండకూడదని ఈ రోజుకీ అనిపిస్తుంది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి మాలకొండయ్య అన్నాడు. “అయితే ఒకే ఆటరా. శనివారం సాయంత్రం. గెలిచినోడికి వానలు పడేదాకా నీళ్ళు.”

“సరే,” అన్నాడు ఎడ్విన్.

ఇక కొట్టంలో చప్పుడు సంగతి.

ఉగాది పోయినప్పటి నుంచే ఊళ్ళో గుసగుసలు. రాత్రిళ్ళు కొట్టంలో పాచిక పడుతున్న చప్పుడు వస్తోందని. ఆరేళ్ళు ఊరుకున్న దెయ్యానికి ఇప్పుడేం తోచిందని నేను నవ్వాను.

ఒక ఆదివారం ఎడ్విన్ ఉదయగిరిలో ప్రార్థన ముగించుకుని వస్తున్నాడు. రాత్రి తొమ్మిది దాటింది. కొట్టం ముందుకి రాగానే బండి ఆగిపోయింది. పెట్రోలు అయిపోయిందో ఏమో… దిగి తోసుకుంటూ పోతున్నాడు.

టక్… టకటక… టక్.

చెక్క మీద చెక్క.

ఆగాడు. మళ్ళీ —

టక్… టకటక… టక్.

ఆ తర్వాత గొంతు. లోగొంతు. బడిలో పిల్లల చేత చెప్పించినట్టు, ప్రతి అంకె చివరా సాగదీస్తూ —

“ఆరూ… పదకొండూ… పదిహేడూ… చాలా? ఇంకోటా?”

అది పాల్ సారు లెక్కపెట్టే తీరు. ముప్పై ఏళ్ళపాటు ఆ ఊరి బడిలో చదివిన పిల్లలంతా ఆ తీరుగా అంకెలు నేర్చుకున్నవాళ్ళే. ఎడ్విన్ బండి అక్కడే పడేసి ఇంటిదాకా పరుగెత్తాడు.

మర్నాడు నాకు చెప్తే, “మీ నాయనకి ఇంకో ఆటగాడు దొరకలేదేమోలే,” అన్నాను.

ఆ తర్వాత శుక్రవారం రాత్రి, అంటే ఆఖరి ఆటకి ముందు రాత్రి జరిగింది నాకు జూన్‌లో తెలిసింది. ఎడ్విన్ చెప్పిన వరసలోనే చెప్తాను.

ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు. రేపు ఓడితే తోట పోతుంది. పద్దెనిమిదికి ఆగాలా, దాటి పోవాలా? ఎవరిని అడగాలి? అప్పుడు తట్టింది… కొట్టంలో ఉన్నది నాయనే అయితే, నాయన్నే అడిగితే పోలా?

భయపడుతూనే బయల్దేరాడు. టార్చి తీసుకోలేదు. చచ్చిపోయిన మనిషి మొహం మీద వెలుగు వేయడానికి మనసు రాలేదట.

చీకటి. గాలి లేదు. ఎండిన ఆకుల మీద తన అడుగులే తనకి వినపడుతున్నాయి.

టక్… టకటక… టక్.

ఉన్నాడు. నాయన ఉన్నాడు.

“నాలుగూ… పదీ… పదమూడూ…”

తలుపు దగ్గరగా వేసి ఉంది. కింద సందులోంచి సన్నటి వెలుగు గీత. ఎడ్విన్ తలుపుకి నుదురు ఆనించాడు.

“నాయనా…”

లోపల చప్పుడు ఆగిపోయింది.

“నాయనా… నేను ఎడ్విన్‌ని. రేపు ఆఖరాట. పద్దెనిమిదికి ఆగమంటావా, పొమ్మంటావా… నువ్వే చెప్పాల.”

ఏమీ లేదు. ఊపిరి చప్పుడు కూడా లేదు…

అంతలో లోపల ఎవరో వెక్కి ఏడిచారు. ఆడమనిషి.

ఎడ్విన్ తలుపు తోశాడు.

బల్ల ముందు నేల మీద చార్జింగ్ లైటు పెట్టుకుని రామలక్ష్మమ్మ కూచుని ఉంది. మాలకొండయ్య తల్లి. డెబ్బై ఏళ్ళ ముసలామె. కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. ఆమె వెనక గోడ నిండా బొగ్గు గీతలు. నాలుగు నిలువు, ఒక అడ్డం… నాలుగు నిలువు, ఒక అడ్డం… పైనుంచి కిందిదాకా. రోజూ చూసేవే, మాలకొండయ్య రాసుకునే నీళ్ళ లెక్కలనుకున్నాడు.

“పెద్దమ్మా… నువ్వా?”

“తలుపెయ్యి అబ్బయా. ఎలుగు బయటికి పోతుండాది.”

తలుపు వేశాడు. “ఈడ… ఏం చేస్తుండావు ఈ ఏళప్పుడు?”

“ఒకటి కోసం చూస్తుండా.”

“ఏంది?”

ఆమె పాచిక చూపించింది. “రోజూ మీరు ఆడి పోయినాక వస్తాను. ఏసిందానికి గీత పెడతాను. ఇప్పటికి రెండువేల నాలుగొందల పైచిలుకు ఏసినా. ఒక్క ఒకటీ పడలా.”

ఎడ్విన్‌కి ముందు అర్థం కాలేదు. అర్థమవుతుండగా మాత్రం అరికాళ్ళ నుంచి మంట లేచింది. ఒకటి పడని పాచిక. పడదని తెలిసినవాడికి భయం దేనికి? ముప్పై వేస్తాడు, నలభై వేస్తాడు. తెలియనివాడు భయంతో పద్దెనిమిదికే ఆగిపోతాడు. పైగా ఎదుటివాడి గుండె ధైర్యాన్ని మెచ్చుకుంటాడు!

“మార్చినాడా వాడు?” అన్నాడు. “ఒక కంచంలో తిన్నాం పెద్దమ్మా. నా కళ్ళముందర నా చెట్లు ఎండిపోతా ఉంటే, నా పక్కన కూచోని బీడీ కాల్చినాడే! మాలకొండయ్యా… నాకు…”

“వాడు మార్చలేదు.”

“మరి?”

“వాడికి తెలిసిందంతే.” ఆమె తల ఎత్తలేదు. “శివరాత్రికి ముందు పాచిక మూల ఇరిగిందని, కొత్తది చేయించేదానికి ఉదయగిరి తీసకపోయినాడు. ఆ చెక్కపనోడు చేతిలో పెట్టుకోని చూసి, ‘ఇది మా నాయన చేసిందే. ఒకటి చుక్క ఎనకాల సీసం పోసి ఉండాది, ఆ బరువుకి ఒకటి ఎప్పుడూ కిందికే పోద్ది. పాల్ సారు దగ్గరుండి పోయించినాడు’ అన్నాడంట. ఇంక కొత్తది చేయించకుండా దీన్నే ఎనక్కి తెచ్చినాడు.”

ఎడ్విన్ బల్ల పట్టుకున్నాడు.

మాలకొండయ్య మీద లేచిన కోపం ఎటు పోవాలో తెలియక లోపలే తిరిగింది. పద్దెనిమిది. ఊరందరికీ చెప్పిన పద్దెనిమిది. అవతలివాడు ఆగాలనే చెప్పిన పద్దెనిమిది…

“నాకు కూడా పద్దెనిమిదే చెప్పినాడు పెద్దమ్మా,” అన్నాడు. “సొంత కొడుకుని. నాకు కూడా అదే చెప్పినాడు.”

“అందుకే నేను నమ్మలా,” అంది రామలక్ష్మమ్మ గబగబా. “వాడొచ్చి చెప్తే వాడి నోటి మీద కొట్టినా. ముప్పై ఐదేళ్ళ కింద రాత్రి బడిలో నా చెయ్యి పట్టుకోని పలక మీద దిద్దించినోడు మీ నాయన. ఏలిముద్ర ఏసేదాన్ని నా పేరు నేను రాసుకునేటట్టు చేసినాడు. అంకెలు ఆయన చెప్పినట్టే ఇప్పటికీ చెప్తా. నా మొగుడు పోయినప్పుడు మా అరుగు మీద కూచోని ఏడిచినాడు అబ్బయా. ‘అదృష్టం రామలక్ష్మమ్మా, మన చేతిలో ఏముండాది’ అన్నాడు. ఆ ఏడుపు అబద్ధమా?”

ఎడ్విన్ గోడ మీది గీతల వంక చూశాడు.

“ఒక్కసారి ఒకటి పడితే చాలు. చెక్కపనోడు అబద్ధాలకోరు, మా సారు మంచోడు అనుకోని ఇంటికి పోయి పడుకుంటా. దానికే వస్తుండా… రోజూ.”

పాచిక అతని చేతిలో పెట్టింది. “నువ్వెయ్యి. నువ్వు ఆయన కొడుకువి. నీకు పడుద్దేమో.”

వేశాడు. ఆరు. వేశాడు. ఐదు. ఆరు. మూడు. ఆరు. ఆమె గీతలు పెడుతూనే ఉంది. గోడ మీద జాగా అయిపోయి తలుపు మీద పెట్టింది. ఏ రెండింటికో ఎడ్విన్ చెయ్యి ఆపాడు. ఒకటి పడలేదు.

“ఇది ఎవురికీ చెప్పబాక పెద్దమ్మా.”

“ఎవురికి చెప్తా? చెప్తే నేను నేర్చుకున్న నాలుగక్షరాల మీద నాకే నమ్మకం పోద్ది.”

ఇంటికి పోయి ఎడ్విన్ గోడ మీద తండ్రి ఫోటోని మొహం కనపడకుండా తిప్పి పెట్టాడు. పెంచలయ్య మంచం పట్టిన నెలల్లో తన ఇంట్లో బత్తాయి రసం గ్లాసులు గ్లాసులు తాగిన సంగతి గుర్తొచ్చి వాంతి చేసుకున్నాడు. తండ్రి పోయిన రోజున కూడా అంత ఏడవలేదని నాతో అన్నాడు.

శనివారం సాయంత్రం నేనూ ఉన్నాను. సాక్షిగా ఉండమని ఇద్దరూ పిలిచారు. నాకీ సంగతులేవీ తెలియవు. గోడ మీద గీతలు చూసి ఏవో నీళ్ళ లెక్కలనుకున్నాను. గడప మీద రామలక్ష్మమ్మ కూచుని ఉంది. మాలకొండయ్య ఎంత కసిరినా ఇంటికి పోలేదు.

ముందు మాలకొండయ్య వంతు. తొణక్కుండా వేసుకుంటూ పోయాడు. పద్దెనిమిది, ఇరవై మూడు, ముప్పై నాలుగు… నలభై నాలుగు దగ్గర “చాలు” అన్నాడు.

పాచిక ఎడ్విన్ చేతికొచ్చింది.

ఆరు… పదకొండు… పద్దెనిమిది దాటి పంతొమ్మిది. మాలకొండయ్య పాచిక తీసుకోడానికి అలవాటుగా చెయ్యి చాపాడు.

“ఇంకా చాలనలా,” అన్నాడు ఎడ్విన్.

ఇరవై ఐదు. ముప్పై. మాలకొండయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ముప్పై ఆరు. కొట్టంలో గాలి బిగుసుకుపోయింది. బల్లకి అటూ ఇటూ ఉన్న ఆ ఇద్దరూ పాచికని చూడటం మానేసి ఒకరినొకరు చూసుకుంటున్నారు.

“నీకెప్పుడు తెలిసిందిరా?” అన్నాడు ఎడ్విన్, నెమ్మదిగా.

“శివరాత్రికి.”

“నాకెందుకు చెప్పలా?”

“మా నాయనకి ఎవురు చెప్పినారు?”

ఆ మాటలేమిటో నాకప్పుడు బోధపడలేదు. కానీ మాలకొండయ్య గొంతు మాత్రం విన్నాను. అంత పాత కోపం నేను ఎవరి గొంతులోనూ వినలేదు.

ఎడ్విన్ మళ్ళీ వేశాడు. నలభై రెండు. ఇంకొక్కసారి, మూడు పడినా గెలుపే. తోట దక్కినట్టే. గడప మీద రామలక్ష్మమ్మ పెదాలు కదులుతున్నాయి. ప్రార్థనో, లెక్కో…

వేశాడు.

పాచిక బల్ల అంచుకి తగిలి కింద పడింది. దొర్లుకుంటూ స్టార్టరు డబ్బా కింద చీకట్లోకి పోయింది.

“ఎవురూ ముట్టుకోబాకండి,” అని ఎడ్విన్ మోకాళ్ళ మీద వంగాడు. ఫోను లైటు వేశాడు. అతని వీపే కనపడుతోంది మాకు. ఎంతకీ లేవడు… ఎంతకీ మాట్లాడడు…

“ఎంత పడిందిరా?” అన్నాడు మాలకొండయ్య.

“ఒకటి.”

రామలక్ష్మమ్మ ఆ వయసులో అంత తొందరగా లేవగలదని నేననుకోలేదు. నన్ను తోసుకుని పోయి చీకట్లోకి వంగింది. ఫోను వెలుగులో పాచిక. పైన ఒకే ఒక్క నల్ల చుక్క.

“పడింది!” అంది. “చూసినావంట్రా మాలకొండయ్యా? పడిందిరా! సారు అట్టాంటోడు కాదని నే చెప్పలా!” ఏడుస్తోంది, నవ్వుతోంది. ఆ పాచికని కళ్ళకద్దుకుని, కొంగున ముడేసుకుని, చీకట్లో ఒక్కతే ఇంటికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి నుంచి కొట్టంలో చప్పుడు ఎవరికీ వినపడలేదు.

ఎడ్విన్ కూడినదంతా సున్న. మాలకొండయ్య తల్లి వెనకాల పోలేదు. ఎడ్విన్ మొహం వంక చాలాసేపు చూశాడు. తెల్లారి ఐదింటికి కరెంటు వచ్చింది. నీళ్ళు మాలకొండయ్య తోటకే పారాయి.

వానలు జూన్ ఇరవై దాటాక పడ్డాయి. ఎండిన చెట్ల జాబితా రాసుకోడానికి ఎడ్విన్ తోటకి వెళ్ళాను. చెట్టు చెట్టుకీ గోటితో బెరడు గీకుతాం. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టు. అతను గీకుతున్నాడు, నేను రాస్తున్నాను. రెండొందల నలభైలో పచ్చ కనపడినవి ఇరవై తొమ్మిది.

ఆఖరి వరసలో కూలబడి, ఆ శుక్రవారం రాత్రి సంగతంతా అప్పుడు చెప్పాడు. పేరు తలచుకుంటే చేతులెత్తి మొక్కే మాస్టారు ఇలాంటివాడా అని నా మనసు విరిగిపోయింది. ఇతనికి ఏదో ఒక ఊరట మాట చెప్పాలి కదా. వెతికి వెతికి ఒకటి పట్టుకున్నాను.

“అట్టా అనుకోబాక ఎడ్విన్. ఆఖరి రోజు ఒకటి పడింది కదా. నేను కూడా చూశాను. చెక్కపనివాడే అబద్ధం చెప్పాడేమో. మీ నాయన మంచివాడేనేమో.”

ఎడ్విన్ గోళ్ళలో ఇరుక్కున్న ఎండు బెరడు తీసుకుంటున్నాడు.

“పడలా మేడమ్,” అన్నాడు. “ఐదు పడింది. గెలిచినా. మా నాయన కోసం కాదు, ఆయన మీద నాకింకా మంటగానే ఉండాది. ఎనకాల పెద్దమ్మ ఊపిరి బిగబట్టుకోని ఉంటే ఇనపడింది నాకు… ఏలితో తిప్పి పెట్టినాను.”